ఎడమ నుంచి కుడికి

"పన్నెండో తారీకున కరెంటు ఎంతసేపు తీశారమ్మా?" అని అడిగాను.

 ఇంటావిడ ముందు మంచం వైపు చూసింది. మంచం మీద ఆమె భర్త కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముక్కుకి సన్నటి గొట్టం. ఆ గొట్టం రెండో కొస మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషనుకి తగిలించి ఉంది. మిషను కొద్దికొద్ది సేపటికోసారి బరువు దించుకున్నవాడిలా నిట్టూరుస్తోంది.

"ఎంతసేపంటే... ఏదో కాసేపు."

"పావుగంటా? గంటా?"

"నేనేం గడియారం పెట్టుకుని కూచోలేదు బాబూ."

గడియారం ఆమె తలకి సరిగ్గా పైన గోడకుంది. ఒంటిగంటా నలభై. ఐదు గంటలకి ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళ రిపోర్టు పోలీసులకి చేరుతుంది. చేరిన మరుక్షణం నా క్లయింటు తండ్రిని అరెస్టు చేస్తారు.

ఆ తండ్రి ఎలక్ట్రీషియను. వాడలో ఆయన్ని 'కొలతలాయన' అంటారు. టీ తెమ్మన్నా 'నూట యాభై మిల్లీ చాలు' అంటాడని ఆయన మీద జోకు. ముప్ఫై ఏళ్ళుగా అద్దె ఇళ్ళ వైరింగు పరీక్షించి, బాగుంటే సర్టిఫికెట్టు రాసిస్తున్నాడు. ఈ ఇంటికి పన్నెండో తారీకున ఇచ్చాడు. ఇరవైమూడో తారీకు పొద్దున పై వాటాలో అద్దెకున్న నర్సు డ్యూటీ దిగి వచ్చి, గీజరు వేసి, స్నానాల గదిలో పంపు మీద చెయ్యి వేసింది. మళ్ళీ తీయలేకపోయింది. గీజరుకి ఎర్తు తీగె తగిలించి లేదు. షాకు తగలగానే కరెంటు కోసెయ్యాల్సిన రక్షణ స్విచ్ కదలనే లేదు. సర్టిఫికెట్టులో మాత్రం రెండూ భేషుగ్గా ఉన్నాయి.

పదకొండు రోజుల తేడా. ఆ పదకొండు రోజుల్లో ఎవరో వైరింగు పాడుచేసి ఉండాలి. లేదా కొలతలాయన పరీక్షించకుండానే సంతకం పెట్టి ఉండాలి. మొదటిదే నిజమని రుజువు చెయ్యమని ఆయన కూతురు ప్రైవేటు డిటెక్టివునైన నన్ను పెట్టుకుంది. "మా నాన్న అబద్ధం ఆడడు సార్, ఆడటం చేతకాదు" అంది. పిల్లలు తల్లిదండ్రుల గురించి చెప్పే మాటల్లో ప్రేమ ఎంతుందో, చూడకుండా వదిలేసింది ఎంతుందో విడదీయడం నాకు అలవాటు.

ఆయన్ని నేను నిన్న కలిశాను. "వెళ్ళాను. చూశాను. అన్నీ బాగున్నాయి" అన్నాడు. మూడు మాటలూ మాత్రలు మింగినట్టు. టీని కూడా మిల్లీలీటర్లలో అడిగే మనిషి అంతసేపు మాట్లాడీ ఒక్క అంకె చెప్పలేదు. అప్పుడే నాలో ఏదో చిన్నగా తలుపు మూసుకుంది.

"అమ్మా, ఎలక్ట్రీషియను ఎన్నింటికి వచ్చాడు?"

"పది... పదిన్నర. గంటసేపున్నాడు. పైకెళ్ళాడు, కిందికొచ్చాడు. కాఫీ కూడా ఇచ్చాను."

కాఫీ సంగతి నేను అడగలేదు. అడగని కాఫీ ఇచ్చేవాళ్ళని నేను నమ్మను.

ఆక్సిజన్ మిషను పక్కన మేకుకి ఒక నోటు పుస్తకం వేలాడుతోంది. దారంతో కట్టిన పెన్సిలు కూడా.

"అదేమిటి?"

"కరెంటు పోయినప్పుడల్లా ఈయనకి సిలిండరు మార్చాలి. ఎన్నింటికి మార్చానో, ఎన్నింటికి తీశానో రాసిపెట్టమన్నాడు డాక్టరు."

"ప్రతిసారీ రాస్తారా?"

"రాయకుండా ఎలా? ఈయన ప్రాణం కదా!" అంటూనే ఆమె గొంతు సన్నబడింది. తన మాట తనని ఎక్కడికి తీసుకెళ్తోందో ఆమెకి ఆ క్షణంలో తెలిసింది.

నేను పుస్తకం తీశాను. తొమ్మిదో తారీకు: పదకొండూ ఐదుకి పోయింది, పదకొండూ ఇరవైకి వచ్చింది. తర్వాతి వరసలో పదహారో తారీకు. మధ్యలో ఏమీ లేదు. తీగెల పరీక్ష చెయ్యాలంటే మెయిన్ తియ్యక తప్పదు. ఇంటి మొత్తానికీ ఒకటే మెయిను. పన్నెండో తారీకున ఈ ఇంట్లో కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు.

"అమ్మా, మీరు ఆ మనిషిని అసలు చూశారా?"

ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది. "లేదు," అంది. "ఇల్లు అద్దెకిప్పించిన ఏజెన్సీ మేనేజరు ఫోన్ చేశాడు, ఆ పిల్ల పోయిన రోజు సాయంత్రం. ఎవరడిగినా వచ్చి చూశాడని చెప్పండి, లేకపోతే తప్పంతా ఇంటివాళ్ళ మీదికే వస్తుందన్నాడు. నేను జైలుకి పోతే ఈయన్నెవరు చూస్తారు?"

"ఆ నర్సు మీతో ముందెప్పుడైనా ఏమైనా చెప్పిందా?"

"పంపు ముట్టుకుంటే జివ్వుమంటోంది ఆంటీ అంది. మేనేజరుకి చెప్పాను. పరీక్ష చేయించి సర్టిఫికెట్టు పంపుతానన్నాడు. రెండ్రోజులకి పంపాడు. నేనే దాన్ని పైకి తీసుకెళ్ళి ఆ పిల్లకి చూపించాను, ఇంక భయం లేదమ్మా అని."

పుస్తకంలో ఇరవైమూడో తారీకు దగ్గర నా వేలు ఆగింది. ఏడూ నలభై తొమ్మిది, సిలిండరు. ఏడూ యాభై రెండు, మెయిన్. మిగతా రోజుల్లో కరెంటు పోవడం ముందు, సిలిండరు తర్వాత. ఈ ఒక్క రోజు తిరగబడింది.

నేను చూస్తున్నది ఆమె చూసింది.

"పైనుంచి నీళ్ళు మెట్ల మీదికి కారుతుంటే వెళ్ళాను. నీళ్ళలో కాలు పెట్టగానే షాకు కొట్టింది. ఆ పిల్ల చెయ్యి పంపు మీదే ఉంది. పరిగెత్తుకుని కిందికొచ్చాను. ఆ కంగారులో చిన్న స్విచ్‌లు తట్టనే లేదు, మెయిన్ తీస్తే ఈయన మిషను ఆగిపోతుంది. ముందు ఈయనకి సిలిండరు తగిలించాను. తర్వాతే తీశాను." ఆమె నా మొహంలోకి చూసింది. "మూడు నిమిషాలు బాబూ. అది నేను రాయకపోయినా సరిపోయేది. కానీ చెయ్యి రాసేసింది."

ఆ వరస మీంచి వేలు తీశాను. విచారణలో ఓదార్పు కూడా ఒక ప్రశ్నే అవుతుంది. మంచం మీద మనిషి కళ్ళు మూసుకునే ఉన్నాడు. కానీ రెప్పల కింద కదలిక నిద్రది కాదు.

పుస్తకం ఫోటో తీసుకుని బయటికొచ్చాను. నా క్లయింటుని కాపాడే సాక్ష్యం కోసం వెళ్ళి ఆమె తండ్రిని ముంచే సాక్ష్యం చేత్తో పట్టుకుని రావడం, అదీ నా వృత్తి.

*

మీటరు, స్విచ్‌ల పెట్టె మెట్ల కింద ఉన్నాయి. అక్కడ నాకంటే ముందే ఒక మనిషి గోడకి ఆనుకుని ఉన్నాడు. చంకలో ఫైలు, మొహంలో నవ్వు. ఇన్సూరెన్సు కంపెనీ విచారణాధికారి. ఐదు గంటల రిపోర్టు ఇతనిదే. వీటన్నిటికంటే ముందు నా భార్య తమ్ముడు.

"రా బావా, రా! ఇంకా తలుపు చాటు నుంచి వింటావనుకున్నాను, ఏకంగా గుమ్మంలోంచే వస్తున్నావే!"

"రిపోర్టు రాసేశావా?"

"నిన్ననే. నువ్వొస్తావని తెలిసి కామాలు కూడా సరిచూశాను. కుశలం అడగవా? సర్లే, నేనే చెబుతా. అక్క బాగానే ఉంది. ఉద్యోగం నుంచి వస్తోంది, తింటోంది, నిద్రపోతోంది. ఇంటికి నాలుగు నిమిషాలు ఆలస్యంగా వస్తే ఎందుకని అడిగేవాళ్ళు లేరు కదా, ఒళ్ళు కూడా చేసింది."

ఆమె వెళ్ళిపోయి మూడు నెలలు. వెళ్ళేటప్పుడు అరవలేదు, ఏడవలేదు. 'మీతో ఉంటే కాపురం చేస్తున్నట్టు లేదు, విచారణలో ఉన్నట్టుంది' అంది, అంతే. పదకొండేళ్ళ కాపురంలో నేను విన్న తీర్పుల్లో అప్పీలు లేనిది అదొక్కటే.

"పెట్టె తెరువు," అన్నాను.

"తెరిచే ఉంది. చూడు, కళ్ళారా చూడు. నీది నాన్నా పులి కథ బావా. ప్రతి పొదలోనూ పులి ఉందంటావు. మా అక్క విసిగిపోయింది, నేను విసిగిపోయాను, పులికే విసుగొచ్చి అడవి మారిపోయింది."

పెట్టెలో చిన్న స్విచ్‌లు ఎనిమిది వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద కాగితం ముక్క మీద పేరు. ఎడమ నుంచి: పై గీజరు, పై ప్లగ్గులు, పై లైట్లు, వంటగది, కింది ప్లగ్గులు, కింది లైట్లు, ఆక్సిజన్, నీళ్ళ మోటారు. ఆ తర్వాత కుడి చివర పెద్దది, మెయిన్ స్విచ్.

జేబులోంచి సర్టిఫికెట్టు నకలు తీశాను. పెట్టె పక్కన పట్టుకుని చూశాను. ఒకటి, పై గీజరు. రెండు, పై ప్లగ్గులు. మూడు, పై లైట్లు. ఎనిమిది, మోటారు. పెట్టెలో ఏ వరసలో ఉన్నాయో కాగితంలోనూ అదే వరస.

"సరిపోయిందిగా?" అన్నాడు బావమరిది.

"మరీ సరిపోయింది. అదే తప్పు."

చేతిసంచిలోంచి ఇంకో కట్ట తీశాను. కొలతలాయన కూతురు ఇచ్చినవి, ఆయన పాత సర్టిఫికెట్ల నకళ్ళు, ఒక్కోదానికి పెట్టె ఫోటో పిన్ను చేసి. ఆయన లెక్క ఎప్పుడూ మెయిన్ స్విచ్ దగ్గర మొదలవుతుంది. మెయిన్‌కి ఆనుకున్నది ఒకటి. అక్కణ్ణించి దూరంగా పోతూ రెండు, మూడు. మెయిన్ ఎడమ వైపుంటే ఎడమ నుంచి, కుడి వైపుంటే కుడి నుంచి. ఎలక్ట్రీషియనుకి స్విచ్‌ల వరస అంటే కరెంటు వచ్చే దారి. మామూలు మనిషికి అది రాత. పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి చదువుతాడు.

"ఈ ఇంట్లో మెయిన్ కుడి వైపుంది. కొలతలాయన లెక్కలో ఒకటో నంబరు నీళ్ళ మోటారు అవ్వాలి. ఈ కాయితం రాసినవాడికి కరెంటు ఎటునుంచి వస్తుందో తెలీదు."

అతను నకళ్ళు రెండు తిప్పాడు. వేళ్ళు కొంచెం నెమ్మదించాయి. అయినా నవ్వు దించలేదు. "ఏదో తొందర్లో రాసుంటాడు."

"అంకెలు చూడు. తీగెల పరీక్షలో మంచి తీగె అయితే ఆయన మీటరు ముల్లు చివరికంటా పోయి ఆగిపోతుంది. అందుకే ఆయన పాత కాయితాల్లో అన్ని గళ్ళలోనూ ఒకే మాట, రెండొందలకి పైన, రెండొందలకి పైన. చదవడానికి విసుగు. ఇందులో? నూట డెబ్భై మూడు, నూట ముప్ఫై ఏడు, నూట తొంభై మూడు. ఎనిమిది గళ్ళలో ఎనిమిది రకాలు. నిజానికి విసుగు పుట్టించినా ఫర్వాలేదు. అబద్ధానికే వైవిధ్యం కావాలి."

"అబ్బ, ఉపన్యాసం! సరే బావా, ఒప్పుకున్నా. ఎవరూ పరీక్ష చెయ్యలేదు. ఇంటావిడ చేత కూడా కక్కించావు, గోడకి చెవులున్నాయిలే. దాని అర్థమేమిటి? నీ క్లయింటు తండ్రికి గొయ్యి నువ్వే తవ్వి, మట్టి కూడా నువ్వే పోశావు. ఇంటికి రాకుండా సర్టిఫికెట్టు ఇచ్చాడు. అదేగా నా రిపోర్టు!"

"రాసింది ఆయన కాదు."

"సంతకం ఆయనది. నిపుణుడి చేత చూపించాం. ఒత్తు, వంపు, చివరి చుక్క, అన్నీ ఆయనవే."

"అవును. సంతకం ఆయనదే. మిగతాది ఇంకొకరిది. నీ ఫైల్లో ఏజెన్సీవాళ్ళు ఇచ్చిన ఫోటోలున్నాయా, ఇల్లు అద్దెకిచ్చేముందు తీసినవి?"

ఉన్నాయి. ఇష్టం లేకుండా తీశాడు. గదులు, కిటికీలు, సింకు, ఈ పెట్టె. ఫోటోలో పేర్లన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. మెయిన్ స్విచ్ సగం కోసుకుపోయింది. టేబులు ముందు కూర్చుని ఆ ఫోటో చూస్తూ ఎడమ నుంచి ఎక్కించిన చెయ్యి నాకు కనపడినట్టే ఉంది.

"ఏజెన్సీ జోలికి పోకు," అన్నాడు. నవ్వు ఇప్పుడు పోయింది. "ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళు వాళ్ళవే. మాతో పదేళ్ళ సంబంధం. అక్కకి ఇల్లు చూసిపెట్టింది కూడా వాళ్ళే, ఒక్క రోజులో. నువ్వు చూసిపెట్టావా?"

 గడియారం చూసుకున్నాను. రెండూ యాభై.

"నీకు ఐదింటిదాకా టైముంది. నాతో రా. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు విని నీ రిపోర్టులో ఏం మార్చాలో నువ్వే చూసుకో."

*

కొలతలాయన ఇంట్లో కూర్చోలేక కూతురితో పాటు వ్యానులో వచ్చాడు. ఈ ఇంట్లో కాలుపెట్టకూడదని పోలీసులు చెప్పారు కాబట్టి వ్యాను రెండు వీధుల అవతల ఆపించాను. మధ్యలో బావమరిది తన ఆఫీసుకి రెండు ఫోన్లు చేశాడు. ఏజెన్సీ మేనేజరుకి ఒకటి చేశాడు, అవతల ఎత్తలేదు. వ్యాను వచ్చేదాకా ఆగి మేము దాని దగ్గరికి చేరేసరికి మూడూ నలభై.

కూతురు స్టీరింగు ముందుంది. ఆమె కూడా ఎలక్ట్రీషియనే, తండ్రి దగ్గరే నేర్చుకుంది. కొలతలాయన వెనక, తీగె చుట్టల మధ్య కూర్చుని ఒళ్ళో మీటరు పెట్టెని పిల్లిని నిమిరినట్టు నిమురుతున్నాడు.

"ఏమైంది సార్?" అంది కూతురు. "దొరికిందా?"

 నేను తండ్రి ఎదురుగా కూర్చున్నాను. బావమరిది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఒక్కటే అడుగుతానండీ. పన్నెండో తారీకున మీరు పరీక్షించిన ఆ పెట్టెలో, మెయిన్ స్విచ్ ఏ పక్కనుంది?"

ఆయన నిమరడం ఆపాడు.

మామూలుగా ఇలాంటి ప్రశ్నకి ఆయన దగ్గర్నించి పెట్టె పొడవూ వెడల్పూ, నేల నుంచి ఎత్తూ కూడా వచ్చేస్తాయి. ఇప్పుడాయన కళ్ళు పైకెళ్ళాయి. గుర్తు తెచ్చుకునే చూపు కాదది. బేరీజు వేసుకునే చూపు. నూటికి ఎనభై పెట్టెల్లో మెయిన్ ఎటుంటుందో లెక్కేసుకుంటున్నాడు.

"ఎడమ," అన్నాడు.

కూతురు మెల్లిగా వెనక్కి తిరిగింది. ఇరవైమూడో తారీకున పోలీసులు పిలిస్తే ఆ పెట్టె తెరిచి చూపించింది ఆమే.

"కుడి నాన్నా," అంది.

ఆమె స్టీరింగు వదిలేసింది.

"నువ్వు వెళ్ళలేదా?"

"లేదు."

"మరి నాకెందుకు..."

"నీకు చెప్పలేకనే అందరికీ అబద్ధం చెప్పాల్సొచ్చిందే తల్లీ." ఆయన నా వైపు చూశాడు, కూతురి వైపు చూడలేక. "ఏజెన్సీ మేనేజరు ఒకరోజు ఫోన్ చేశాడు. ఒకాయన ఇవాళే సామానుతో దిగుతున్నాడు, సర్టిఫికెట్టు లేక గుమ్మం ముందు లారీ ఆగిపోయింది, ఎలాగూ రేపొస్తావు కదా, ఇవాళ సంతకం పెట్టెయ్యి బాబాయ్ అన్నాడు. పెట్టాను. మర్నాడు నిజంగానే వెళ్ళి చూశాను. అన్నీ బాగున్నాయి. రెండోదానికి నాలుగు రోజులు పట్టింది. దాన్నీ చూశాను. అప్పట్నించీ ప్రతిసారీ నీ దాకా రావడం దేనికి బాబాయ్, పుస్తకంలో ఖాళీ కాయితాల మీద సంతకాలు పెట్టి ఇక్కడ పడెయ్యమన్నాడు. నువ్వు తర్వాతెళ్ళి చూస్తూనే ఉంటావుగా అన్నాడు."

"చూస్తూనే ఉన్నారా?"

"ఆరు ఇళ్ళు చూశాను. ఆరూ బాగున్నాయి. ఆరు బాగుంటే ఏడోది కూడా బాగుంటుందనిపిస్తుంది బాబూ. అనిపించడం అనేది నేను జన్మలో నమ్మలేదు. కొలిస్తేనే నమ్మాను." ఆయన మీటరు పెట్టె మూత గట్టిగా నొక్కాడు. "మోకాళ్ళ నొప్పి, మెట్లు... అవన్నీ సాకులు. అడుసు తొక్కాను. అంతే. ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళట."

కూతురు స్టీరింగు మీద తల ఆనించుకుంది. ఆమె నాకు అప్పగించిన పని అక్కడితో ముగిసింది. ఆమె కోరిన నిజం దొరకలేదు. దొరికిన నిజం ఆమె కోరలేదు.

"మొత్తం ఎన్ని సంతకాలు పెట్టారు?" అన్నాను.

"ఇరవై కాయితాలు. నాలుగువేల నూట అరవై నుంచి డెబ్భై తొమ్మిది దాకా. నర్సు ఇంటిది అరవై ఆరు."

ఏడో కాగితం. ఆరు ఇళ్ళు ఆయన చూశాడు. ఏడో ఇంట్లో మనిషి చచ్చిపోయింది. "మిగతా పదమూడూ?"

"ఏ ఇళ్ళకి, ఏ వరసలో, ఎప్పుడు రాసుకున్నారో నాకు తెలీదు బాబూ. ఏజెన్సీవాళ్ళకే తెలియాలి."

నేను బావమరిది వైపు తిరిగాను. మేనేజరుకి మళ్ళీ ఫోన్ చెయ్యమందామని. అతను అప్పటికే ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాడు. కానీ ఎవరికీ చెయ్యడం లేదు. ఫోటోలు వెతుకుతున్నాడు. బొటనవేలు తెర మీద పైకి, ఇంకా పైకి తోస్తోంది. తర్వాత ఆగింది.

మనిషి మొహంలోంచి రక్తం దిగిపోవడం పుస్తకాల్లో రాసినంత త్వరగా జరగదు. ముందు పెదాల చుట్టూ తెల్లబడుతుంది.

"బావా," అన్నాడు. ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు.

ఫోను తీసుకున్నాను. అదే రకం కాగితం. అదే సంతకం, చివర అదే చుక్క. పైన కుడి మూల నంబరు: నాలుగువేల నూట డెబ్భై ఒకటి. కింద చిరునామా. ఆ చిరునామా నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఏ వీధో, ఏ గుమ్మమో, కిటికీకి ఏ రంగు తెరో నాకు తెలుసు. మూడు నెలల్లో పదిసార్లు ఆ వీధి చివర నిలబడి వచ్చాను.

"అక్క ఇల్లు," అన్నాడతను. "పోయిన వారం ఫోన్ చేసింది. పంపు ముట్టుకుంటే చురుక్కుమంటోందిరా అంది. నేను... సర్టిఫికెట్టు చూసే కదా ఇల్లు తీసుకున్నాం, నీకు బావ అనుమానం అంటుకుందేమిటని నవ్వాను."

గడియారం మూడూ నలభై తొమ్మిది.

ఆమె రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు. షిఫ్టు దిగి మూడూ నలభై ఐదుకి ఇంట్లో ఉంటుంది. రంగుల వాసన ఒంటి మీద ఉండగా మంచినీళ్ళు కూడా ముట్టుకోదు, రాగానే స్నానం. నేను నంబరు నొక్కాను. నాలుగు మోతల తర్వాత ఎత్తింది.

"చెప్పండి."

"గీజరు వేశావా?"

అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. పదకొండేళ్ళు దాన్ని పెంచి పోషించింది నేనే.

"నేను ఎప్పుడు ఏ స్విచ్ వేశానో కూడా ఇంకా మీకు చెప్పాలా?"

"అది కాదు. పంపు ముట్టుకోకు. ఏమీ ముట్టుకోకుండా బయటికొచ్చెయ్. ఆ సర్టిఫికెట్టు దొంగది."

"మీకు ఈ ప్రపంచంలో దొంగది కానిది ఒక్కటైనా ఉందా?" అంది. కోపంగా కూడా కాదు, అలసటగా. "కిందటి నెల వాచ్‌మన్ దొంగ అన్నారు. అంతకుముందు పాలవాడు. ఫోన్ చెయ్యొద్దన్నాను కదా. ఉంటాను."

"ఒక్క నిమిషం, నీ తమ్ముడు ఇక్కడే..."

కట్ అయింది.

"నువ్వు చెయ్యి. నీ మాట వింటుంది," అన్నాను. అతను అప్పటికే చేస్తున్నాడు. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఆమె ఫోను పడగ్గదిలో వదిలేసి వెళ్ళే మనిషి.

"కింది వాటావాళ్ళు?" అడిగాను.

"ఖాళీ. వాచ్‌మన్‌ని... నువ్వు గొడవపడ్డాక మానేశాడు."

కూతురు ఏమీ అడగకుండా వ్యాను స్టార్ట్ చేసింది. బావమరిది లోపలికి ఎగిరి తలుపు లాగాడు. ఐదు గంటల ఫైలు ఎప్పుడో చంకలోంచి జారి రోడ్డు మీదే ఉండిపోయింది. ఎవరూ దాని కోసం చూడలేదు.

"ఎంత దూరం?" అన్నాడు కొలతలాయన.

చిరునామా చెప్పాను. "పదకొండు నిమిషాలు," అంది కూతురు, గేరు మారుస్తూ.

"గీజరు ఎన్ని లీటర్లు?"

బావమరిది కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "పదిహేను. నేనే దగ్గరుండి చూశాను, పదిహేను."

"స్విచ్ ఆపి స్నానానికి వెళ్ళే అలవాటుందా ఆ అమ్మాయికి?"

"లేదు," అన్నాను. "ఆపమని రోజూ చెప్పేవాణ్ణి. అందుకని ఆపదు."

ముసలాయన నిటారుగా కూర్చున్నాడు. రెండు రోజులుగా ఆయన గొంతులో లేనిదేదో తిరిగి వచ్చింది. "పదిహేను లీటర్లు, రెండు కిలోవాట్లు. నీళ్ళు కాగడానికి పన్నెండు నిమిషాలు. కాగేదాకా పంపు దగ్గరికి పోదు. ఎన్నింటికి వేసిందో తెలిస్తే చెప్పగలను. కానీ అదెవరికి తెలుస్తుంది?"

ఎవరికి తెలుస్తుంది! తాళం తీయడానికి అర నిమిషం. చెప్పులు విప్పి గోడవారగా పెట్టడం, కిటికీ తెరవడం, చేతిసంచి కుర్చీ మీద పెట్టడం, తర్వాత గీజరు. పదకొండేళ్ళు రోజూ గోడ గడియారం చూస్తూ నేను మౌనంగా లెక్కపెట్టిన నిమిషాలవి. ఏ లెక్క భరించలేక ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోయిందో ఆ లెక్క.

వాచీ చూశాను. మూడూ యాభై ఒకటి.

"మూడూ నలభై ఏడుకి వేసింది," అన్నాను. "నాలుగు నిమిషాలైంది."

కొలతలాయన పెదాలు కదిలాయి. పన్నెండులోంచి నాలుగు. పదకొండులోంచి ఎనిమిది.   ఆ తేడా ఇవాళ మధ్యాహ్నం ఒక నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసి ఉండగా చూశాను.

మూడు నిమిషాలు.

బావమరిది చేతిలో ఫోను ఇంకా మోగుతూనే ఉంది.